శ్రోత ఆగిన చోట

నాలుగవ పెన్సిల్‌ను కూడా బ్లేడుతో చెక్కి, మొనను వేలికొస మీద ఆనించి చూసుకొని, చెన్నకేశవరావుగారు దానిని తక్కిన మూడింటి పక్కన వాటికి సమాంతరంగా ఉంచారు. రాలిన పొట్టును అరచేతితో కాగితం మీదికి లాగి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు వేసి బుట్టలో పడవేశారు. తరువాత బల్లను తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచారు. తుడిచిన గుడ్డ బూడిదరంగుకు తిరిగింది. వెనుక వీధిలో పలకరాయి కోసే కార్ఖానాలు ఉన్నంతకాలం ఆ దుమ్ము ఆ ఇంటిని వదలదు. గత ముప్పై మూడు సంవత్సరాలలో ఆయన ప్రచురించిన నలభై ఒక్క పుస్తకాల అట్టల మీద కూడా అదే దుమ్ము పేరుకొంటూ వచ్చింది. ఆయన తుడుస్తూ వచ్చారు.

ఏడున్నర అయింది. ఎవరూ రాని ఇంట్లోనైనా ఆయన ఆ వేళకు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా ప్యాంటులోకి దోపుకొని, బెల్టు బిగించుకొని, చేతికి గడియారం పెట్టుకొని ఉంటారు. కళాశాలలో ముప్పై రెండేళ్లు ఆంగ్లం బోధించిన నాటి అలవాటు అది. పదవీ విరమణ జరిగి పంతొమ్మిదేళ్లయినా ఆ అలవాటుకు విరమణ కలుగలేదు.

బల్ల మీద నలభై రెండవ పుస్తకం ప్రూఫు ఉన్నది. అస్సామీ నవల. ఒక పాత రేవులో జనాన్ని దాటించే పడవవాడి కథ. ఇదే చివరి పుస్తకమని ఆయన ఉగాదినాడే నిశ్చయించుకొన్నారు. ఎడమ కంటిలో పొర వచ్చింది. మెట్లెక్కితే గుండె చప్పుడు చెవులలో వినిపిస్తున్నది. అర్ధాంతరంగా ఆగిపోవడం కంటే సక్రమంగా ముగించడం మేలని ఆయన అభిప్రాయం.

ఆయన నడిపే గుండ్లకమ్మ గ్రంథమాలకు రెండే నియమాలు. మొదటిది, అనువాదం మూలభాష నుండి నేరుగా జరగాలి. ఇంగ్లీషు గుండా చుట్టు తిరిగి వచ్చిన ప్రతిని ఆయన చదవకుండానే తిప్పి పంపేవారు. ఒరియా, మరాఠీ, అస్సామీ తెలిసిన తెలుగువాళ్లు మార్కాపురంలో ఎక్కడ దొరుకుతారని సహాధ్యాపకులు నవ్వారు. దొరికారు. ఒరిస్సాలో ఖుర్దా రోడ్డు రైల్వే క్వార్టర్లలో పెరిగి కంభంలో స్థిరపడిన ఒక గృహిణి దొరికింది. గిద్దలూరు చుట్టుపట్ల గ్రామాల నుండి సైన్యంలో చేరి, ఈశాన్యపు శిబిరాలలో పదేసి సంవత్సరాలు గడిపి, అక్కడి భాష నాలుకకు పట్టించుకొని వచ్చినవాళ్లు దొరికారు. ఈ పడవవాడి నవలను అనువదించిన హవల్దార్ కృష్ణయ్య అట్లా దొరికినవాడే.

రెండవ నియమం, శ్రోత వినని పుస్తకం అచ్చుకు పోదు.

ఈ పుస్తకంలో చివరి అధ్యాయం ఒక్కటే వినిపించవలసి ఉన్నది. ఆ శ్రోత మధ్యాహ్నం ఒంటిగంటన్నర బస్సుకు కనిగిరి వెళ్లిపోతున్నది. ఇక తిరిగి రాదు.

ఫోను మోగింది.

"సార్, నమస్తే సార్. కృష్ణయ్యను."

"చెప్పండి, కృష్ణయ్యగారూ."

"ఏం లేదు సార్, ఆ చివరి వాక్యం గురించే. అదొక్కటి ఉండనీయండి సార్. ఆ రాసినాయన అట్లనే రాసినాడు. నేనేమీ కలపలేదు."

"ఆయన అట్లా రాసి ఉండవచ్చు. తెలుగు పాఠకుడికి అది ఎట్లా వినిపిస్తుందన్నది ప్రశ్న. పడవ చూడదు, కృష్ణయ్యగారూ. పడవకు కళ్లుండవు."

"మా మిలిటరీలో ట్రక్కులకు కూడా ఉండేవి సార్. ఎవడు తాగి వచ్చినాడో చూసి మరీ స్టార్టయ్యేటివి." కృష్ణయ్య నవ్వి, అవతల నవ్వు రాకపోవడంతో తగ్గాడు. "పోయిన ఐదు పుస్తకాల్లో మీరు దిద్దమన్నవన్నీ దిద్దినాను. ఆర్డరంటే ఆర్డరే. ఏనాడన్నా ఎదురు చెప్పినానా? ఈ ఒక్కటి అడుగుతుండా."

"శ్రోతకు వినిపించి చెబుతాను."

"అట్లనే సార్. శ్రోతగారికి నా నమస్కారం చెప్పండి. పెద్ద పండితుడు. ఆయన కాదంటే నేనింక మాట్లాడేది లేదు."

చెన్నకేశవరావుగారు ఫోను పెట్టివేశారు. శ్రోత పండితుడని ఆయన ఎవరితోనూ అనలేదు. కాదని కూడా అనలేదు. అనువాదకులకు రాసిన ఉత్తరాలలో 'మా శ్రోత ఈ చోట ఆగినారు, వాక్యమును సరళము చేయవలెను' అని మాత్రమే రాసేవారు. వాళ్లు సరళం చేసేవారు. చేయనివాళ్లకు ఆయనే చేసి పెట్టేవారు.

శ్రోత పేరు మాలకొండమ్మ. ఆమెకు చదువు రాదు.

పెద్దారవీడు అవతల గొర్రెలు కాసుకొనే కుటుంబంలో పుట్టి, మార్కాపురం గనిలో పనిచేసే మనిషిని చేసుకొని, ముప్పై ఏళ్లకే భర్తను పోగొట్టుకొని, ఆయన ఇంటి పక్కనున్న వసారా గదిలో కూతురితో కాపురం పెట్టింది. కార్ఖానా నుండి చట్రం బిగించిన పలకలను తెచ్చుకొని, వాటిని గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసి తిరిగి అప్పగించడం ఆమె పని. ఆయన భార్య సీతామహాలక్ష్మి మరణించిన మరుసటి సంవత్సరం అది. ఒక సాయంత్రం ఆయన తన మొదటి పుస్తకం ప్రూఫును వసారాలో కూర్చుని పైకి చదువుకొంటున్నారు. పక్కన పలక మీద గరుకు కాగితం జరజరమని నడుస్తున్నది. హఠాత్తుగా ఆ చప్పుడు ఆగింది. చదివిన వాక్యాన్ని మళ్లీ చూసుకొన్నారు. మూడు చోట్ల మెలిక తిరిగిన వాక్యం. ఆమెకు అర్థం కాలేదు, కనుక చేయి ఆగింది. ఆయన దాని కింద పెన్సిల్‌తో గీత గీశారు.

ఆనాటి నుండి అదే పద్ధతి. ఆమె కూడా నీడ కోసం కాబోలు, తన పలకలను ఈ వసారా అంచుకు జరుపుకొన్నది. ఆయన చదివేవారు, ఆమె రుద్దేది, చప్పుడు ఆగిన చోటల్లా గీత పడేది. తాను ఏమి చేస్తున్నదీ ఆమెకు ఆయన చెప్పలేదు. కొలుస్తున్నారని తెలిస్తే ఆమె జాగ్రత్తపడుతుంది, జాగ్రత్తపడిన శ్రోత శ్రోతే కాదని ఆయన వాదం. అందులో తప్పేమీ ఆయనకు కనిపించలేదు. ముప్పై మూడు సంవత్సరాలు ఆ చప్పుడు ఆయనకు ఏ నిఘంటువూ చేయని ఉపకారం చేసింది.

పది గంటలకు ఆయన కుర్చీని వసారాలోకి తెచ్చి వేసుకొన్నారు.

మాలకొండమ్మ ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి కూర్చుని ఉన్నది. తొడ మీద గోనెపట్టా, దాని మీద పలక. తలకు పాత చీరముక్క చుట్టుకొన్నది. వేళ్ల కణుపుల గీతలలో, కనురెప్పల మీద, ముక్కుపుడక చుట్టూ సన్నని బూడిద. పక్కన ఆరు పలకలే మిగిలాయి. కుడిచేయి మధ్య మధ్య వణుకుతున్నది. ఆ వణుకు వల్లనే కూతురు ఆమెను తీసుకొని పోతున్నది.

"ఏంది సారూ, పొద్దున్నే కుర్చీ బయటికొచ్చింది? సాయంత్రం గదా మన సదువు."

"సాయంత్రానికి నీవు ఉండవు కదా."

"అవునే. ఊరికి పోయేది నేనే గదా, మర్చేపోయినా." పలకను వెలుతురుకు ఎత్తి చూసి, ఉఫ్‌మని ఊదింది. "ఆ పడవాయన సచ్చిపోతాడా, బతుకుతాడా?"

"వినవలసినదే."

"ఏ పొద్దూ ముందుగాల చెప్పవు. సినిమా హాల్లో టికెట్లు చింపేటోడన్నా చెప్తాడు, హీరో బతుకుతాడు పోరా అని."

గదిలో మూటలు కడుతున్న మహేశ్వరి తొంగిచూసింది. నలభై ఏళ్ల మనిషి, కనిగిరిలో మగ్గం పని నేర్పుతుంది. "అమ్మా, బస్సు ఒకటిన్నరకు. నీ కథ అప్పటికన్నా అయితాదా? ఆ పలకలు రుద్దకుంటే ఇప్పుడేమన్నా కొంప మునిగిందా?"

"ఆరు గాకపోతే ఆరు. ఒప్పుకున్నాక ఇచ్చిపోవాల. నువ్వు మంచం ఇప్పు పో."

"అయ్యవారూ, కొంచెం తొందరగా సదవండి," అని మహేశ్వరి లోపలికి పోయింది.

ఆయన తొందరపడలేదు. తొందరగా చదవడం ఆయనకు చేతకాదు. కళ్లజోడు సరిచేసుకొని, ప్రూఫును మోకాళ్ల మీద నిలిపి, పాఠం చెప్పే గొంతుతో ప్రారంభించారు.

చివరి అధ్యాయంలో పెద్దగా ఏమీ జరగదు. నదిమీద వంతెన పూర్తయింది. మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించి వెళ్లారు. రేవు మూసివేస్తున్నట్టు పంచాయతీవారు పడవవాడికి కాగితం ఇచ్చారు. ఆ చివరిరోజున కూడా అతడు తెల్లవారక ముందే వచ్చి పడవలో చేరిన నీళ్లు తోడాడు. ఎవరూ రాలేదు. మధ్యాహ్నం ఒక మేక వచ్చింది. దానిని ఊరికే అవతలి ఒడ్డుకు దాటించి, మళ్లీ ఇవతలికి తెచ్చాడు.

"మేకనా?" మాలకొండమ్మ చేయి ఆపకుండానే నవ్వింది. "మా పెదనాయన గూడా అట్లాంటోడే. గొర్రెతో మాట్లాడితే ఆడోళ్లతో మాట్లాడినంత పని, అది తిరిగి కసరదు అనేటోడు."

ఆయన వేలు వాక్యం మీద ఉంచి, ఆమె మాట ముగిసేదాకా ఆగి, మళ్లీ చదివారు. పలక మీద కాగితం జరజరమని నడుస్తూనే ఉన్నది. వంతెన మీద లారీలు వరుసగా పోతున్నాయి. పడవవాడి భార్య గుర్తుకు వచ్చింది. పొద్దు వాలింది. చెన్నకేశవరావుగారు చివరి పేరాకు వచ్చారు.

"ఆ సాయంత్రం అతడు తాడు విప్పాడు. పడవ వెంటనే ఒడ్డును వదలలేదు. ఎవరైనా వస్తారేమోనని కాసేపు చూసింది."

చప్పుడు ఆగింది.

ఆయన పెన్సిల్ తీశారు. తాను అనుకొన్నదే జరిగింది. పడవ చూడడమేమిటి? 'కొద్దిసేపటికి పడవ ప్రవాహంలోకి జారింది' అని రాస్తే సరిపోతుంది. వాక్యం కింద గీత గీశారు. అయితే కృష్ణయ్య గొంతు ఇంకా చెవిలో ఉన్నది. ఆర్డరు ప్రకారం అన్నీ దిద్దినవాడు, ఒక్కటి అడిగాడు. అతడికి ఒక కారణమైనా చూపడం మర్యాద. పైగా ఇదే ఆఖరు. ఇక మీదట కొలవవలసినది ఏమీ లేదు గనుక అడిగితే చెడేది కూడా ఏమీ లేదు.

"మాలకొండమ్మా, ఇక్కడ నీకు ఏమి అర్థం కాలేదు?"

"ఎక్కడ?"

"ఇప్పుడు చేయి ఆపినావు కదా. ఆ చోట."

"అర్థం గాకపోయేది ఏముంది అందులో?" ఆమె గడ్డం కింద చేయి ఆనించింది. "బాగుంది. అందుకని ఆగినా."

ఆయన పెన్సిల్‌ను కాగితం మీద నుండి ఎత్తారు.

"ఆ పడవకు గూడా ఆయన అలవాటే పట్టింది సూడు. ఎవురో వస్తారని. రారు గదా. అయినా సూసింది. ఆ మాట ఇనంగనే చేయి ఆడలేదు."

"అర్థం కానప్పుడు ఏమి చేస్తావు?"

"ఏం చేస్తా, రుద్దుకుంట పోతా. నీ సదువులో నాకు తెలీనియి బోలెడుంటాయి సారూ. ఆటికల్లా ఆపుకుంటే నా పలకలు ఎవురు రుద్దాల?"

వీధిలో ఇసుక ట్రాక్టరు పోయింది. అది మలుపు తిరిగేదాకా ఆయన వేచి ఉన్నారు.

"మొట్టమొదటి రోజున, నేను వసారాలో చదువుకొంటుంటే నీవు ఆపినావు. ముప్పై మూడేళ్ల కిందట. జ్ఞాపకమున్నదా?"

"ఆ పొద్దా?" ఆమె ఆలోచించింది. "ఏమో. నీళ్ల ట్యాంకరు వచ్చిందని ఎవరన్నా కేకేసినారేమో. ఆ యేడు నీళ్లకు సచ్చినాం గదా."

"మరి ఇన్నేళ్లు ఎందుకు విన్నావు?"

ఆమె ఆయనను తేరిపార చూసింది. ఇట్లాంటి ప్రశ్న ఆయన నోట వస్తుందని అనుకోనట్టున్నది.

"సీతమ్మ పోయినాక నీకు ఇనేటోళ్లు ఎవురుండారు సారూ? వసారాలో కూచొని ఒక్కడివే మాట్లాడుతుంటే వీధిలో నవ్వినారు, సారుకు మతి పోయింది అని. పోనీలే పాపం, ఒక మనిషి పక్కన ఉంటే మతి పోయిందనరు గదా అని పలకలు ఇక్కడికి జరుపుకున్నా. అక్కడ నీడ బాగుండేది గూడా." మళ్లీ పలకను అందుకొన్నది. "తర్వాత తర్వాత ఆ కథలు లేకుంటే నాకే తోచలేదు, అది వేరే సంగతి."

చెన్నకేశవరావుగారి చేతిలో పెన్సిల్ ఉన్నది. దానిని ఎక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదు.

"ఒక్కోటి ఇంకా మనసులోనే ఉండాయి," అన్నది మాలకొండమ్మ రుద్దుతూ. "ఇంతకుముందు ఒక ఏటి కథ సదివినావే, వరదలొచ్చేది, మిలిటరీ ఆయన రాసింది. ఒక ఆడమనిషి ఒంటిగా పడుకోనుంటాది. ఏరు ఆమె గడప దాకా వచ్చి, ఆమె నిద్రపోతుండాదని సూసి, లేపకుండా ఎనక్కి పోయింది, అని. ఆ పొద్దంతా ఇంక పలక ముట్టలేదు నేను. మా ఆయన మల్లేశు పోయిన కొత్తలో నేనూ అట్లనే పడుకునేదాన్ని, ఏం వచ్చి తీసుకపోయినా పోనీలే అని."

ఆ వాక్యం అచ్చు పుస్తకంలో ఎట్లా ఉన్నదో ఆయనకు తెలుసు. 'ఆ రాత్రి వరద గడపదాకా వచ్చి తగ్గింది.' దాని కింద గీత గీసింది ఆయనే. తగ్గింది అని రాసింది కూడా ఆయనే. కృష్ణయ్య మొదటి పుస్తకం అది, పంతొమ్మిది సంవత్సరాల కిందటిది. చేతిరాత ప్రతిని అచ్చు కాగానే చించివేయడం అప్పటి పద్ధతి. కృష్ణయ్య రాసిన ఆ మాట ఈ భూమి మీద ఇప్పుడు ఈమె దగ్గర తప్ప ఎక్కడా లేదు. ఇట్లాంటివి నలభై ఒక్క పుస్తకాలలో ఎన్ని పోయాయో లెక్క కట్టడానికి ఆయన ప్రయత్నించలేదు. ఒక్కొక్క పుస్తకంలో ఆమె ముప్పై చోట్లకు తక్కువ ఆగలేదని మాత్రం ఆయనకు గుర్తున్నది.

ఆమెకు చెప్పాలనుకొన్నారు. నీవు ఆగిన చోటల్లా నేను కొట్టివేశానని చెప్పాలి. నోరు తెరిచారు.

"అట్లనే ఉండనిచ్చినావు గదా ఆ మాట, పుస్తకంలో?" అని ఆమె అడిగింది.

గేటు అవతల ఆటో వచ్చి ఆగింది. మహేశ్వరి మంచం కోళ్లు ఒక చేత, మూట ఒక చేత పట్టుకొని బయటికి వచ్చింది.

"ఉన్నది," అన్నారు చెన్నకేశవరావుగారు.

జీవితంలో పరీక్షపత్రాలు దిద్దేటప్పుడు గాని, పుస్తకాలు దిద్దేటప్పుడు గాని ఆయన తెలిసి అబద్ధమాడలేదు. ఆమె తృప్తిగా తల ఊపి, ఆరవ పలకను తుడిచి, దొంతి మీద పెట్టింది. లేవడానికి నేలమీద చేయి ఆనించింది. మోకాలు లేవలేదు. ఆయన చేయి అందించారు. ముప్పై మూడేళ్లలో అదే మొదటిసారి. ఆమె అరచేయి పలక కంటే గరుకుగా ఉన్నది.

"ఇంక ఎవురికి సదువుతావు సారూ?"

"ఇక పుస్తకాలు లేవు. ఇదే ఆఖరుది."

"మంచిపని. గొంతు గూడా పోయింది నీకు. వేడినీళ్లు తాగు, ఫ్రిజ్జువి తాగబాకు. నాకు తెలుసు, తాగుతావు." తలకు చుట్టిన గుడ్డ విప్పి, దులిపి, భుజాన వేసుకొన్నది. "పోయొస్తా మరి."

"మంచిది."

అంతకంటే ఏమైనా అనాలని ఆయన గేటు దాకా నడిచారు. ఆటోలో మూటల మధ్య ఆమె సర్దుకొంటుండగా మహేశ్వరి, "అమ్మా, మందుల సంచి ఏడబెట్టినావే" అని కేకలు వేసింది. సంచి ఒళ్లోనే ఉన్నది. తల్లీ కూతుళ్లు ఒకరినొకరు తిట్టుకొని నవ్వుకొన్నారు. ఆటో కదిలింది. మలుపులో ఆమె వెనుదిరిగి చూసిందో లేదో ఎడమ కంటి పొరలో ఆయనకు తెలియలేదు.

లోపలికి వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. బీరువాలోని పుస్తకాల వైపు చూడలేదు. చివరి పేజీ తెరిచి, వాక్యం కింద గీసిన గీతను రబ్బరుతో చెరిపారు. కాగితం మీద మచ్చ మిగిలింది. దాని పక్కన, మార్జిన్‌లో, సిరాతో 'యథాతథం' అని రాసి సంతకం పెట్టారు. ప్రూఫును కవరులో పెట్టి, అంటించి, నాలుగు గంటలకు తానే నడిచి వెళ్లి విజయవాడ ముద్రణాలయం పేరిట కొరియరులో వేసి వచ్చారు.

వచ్చి ఫోను అందుకొన్నారు.

"కృష్ణయ్యగారూ, మీ వాక్యం అట్లాగే పోతున్నది."

"శ్రోతగారు ఒప్పుకున్నారా సార్?"

"ఆమె ఎప్పుడూ ఒప్పుకొనే ఉన్నది, కృష్ణయ్యగారూ. నేనే..."

"ఆమెనా సార్?"

"మీ మొదటి పుస్తకంలో ఒక వాక్యం ఉండేది. ఏరు గడపదాకా వచ్చేది. అది మీకు జ్ఞాపకమున్నదా?"

"లేదు సార్. ఎన్నేండ్లాయె. మీరు దిద్దిందే బాగుండి ఉంటాది సార్."

"లేదు," అన్నారాయన. "బాగుండలేదు." ఫోను పెట్టివేశారు.

పొద్దు వాలింది. మంచినీళ్లకు వంటగదిలోకి వెళ్లేసరికి కిటికీ గట్టు మీద పళ్లెం మూసిన స్టీలు గిన్నె కనిపించింది. పొద్దున ఆయన పెన్సిళ్లు చెక్కుకొంటుండగా మాలకొండమ్మ దొడ్డిదారిన వచ్చి పెట్టి పోయి ఉంటుంది. పళ్లెం తీశారు. రెండు జొన్నరొట్టెలు, వాటి నడుమ వేరుశనగ పచ్చడి. రొట్టెలు చల్లారి బిరుసెక్కాయి. ఆయన నిలుచునే ఒకటి తిన్నారు. తరువాత కుర్చీ తెచ్చుకొని కూర్చుని రెండవది కూడా తిన్నారు.

ఇతరుల ఇంటి గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. సీతామహాలక్ష్మి ఉన్ననాళ్లు పిడికెడు చక్కెరైనా వేసి పంపేది. కనిగిరిలో ఏ వీధో, మహేశ్వరి భర్త పేరేమిటో ఆయన అడగలేదు. గిన్నెను తోమి, రెండుసార్లు కడిగి, గట్టు మీద బోర్లించారు. దీపం వేయగా అంచు దగ్గర ఏవో అక్షరాలు మెరిశాయి. ఆయన కళ్లజోడు తెచ్చుకొని వంగి చూశారు. పేరుకు ముందున్న 'బ' ఏ ఇంటిపేరై ఉంటుందో ఆలోచించారు. బత్తుల, బండి, బొగ్గరపు. ఎప్పుడూ అడగలేదు.

గిన్నె అంచున దుకాణంవాడు మిషనుతో చుక్కచుక్కగా పొడిచిన అక్షరాలలో నీళ్లు ఇంకా ఆరలేదు: బ. మాలకొండమ్మ.